పిల్లలు ఫ్యాన్‌ఫిక్షన్ రాస్తుంటే: చెన్నై తెలుగు ఇళ్ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

చెన్నైలో సెలవు రోజుల్లో 13 నుంచి 18 ఏళ్ల పిల్లల చేత కథలు రాయిస్తుంటాను. పెరంబూరులో తరతరాలుగా స్థిరపడిన ఇళ్ల పిల్లలున్నారు, ఐటీ ఉద్యోగాల కోసం ఓఎంఆర్ వైపు వచ్చిన ఇళ్ల పిల్లలూ ఉన్నారు. వాళ్లలో చాలామంది నా దగ్గరికి రాకముందే ఫోన్‌లో కథలు రాస్తున్నవాళ్లు. అమ్మానాన్నలు, అప్పుడప్పుడు అమ్మమ్మలు, పిల్లలు కూడా మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను. పిల్లలు అడిగిన చోట వాళ్లతో మాట్లాడినట్టే నువ్వు అని రాశాను.

అసలు ఫ్యాన్‌ఫిక్షన్ అంటే ఏమిటి?

ఒకరు సృష్టించిన పాత్రలను, లోకాన్ని తీసుకుని, వాటి మీద ఇష్టంతో మరొకరు రాసే కథ. సినిమా అయిపోయాక ఏం జరిగింది? విలన్ చెల్లెలు ఆ రాత్రి ఎక్కడుంది? చచ్చిపోయిన స్నేహితుడు బతికుంటే? ఇలాంటి ఒక ప్రశ్న దగ్గర మొదలవుతుంది. డబ్బు కోసం రాసేది కాదు. మా పిల్లలు ఎక్కువగా యానిమే అనే జపాన్ కార్టూన్లు, సూపర్‌హీరోలు, హ్యారీ పాటర్ మీద రాస్తారు. బాహుబలి మీద రాసేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు మనం చూసే రూపం 1960ల అమెరికాలో మొదలైంది. స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్ అభిమానులు సొంతంగా చిన్న పత్రికలు వేసుకుని, అందులో తమ కథలు పంచుకునేవారు. 1967లో వచ్చిన స్పాకనేలియా అలాంటి తొలి పత్రికల్లో ఒకటి. 1998లో ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ వచ్చాక ఇది స్కూలు పిల్లల చేతికి కూడా అందింది.

ఇదంతా విదేశీ పిచ్చి కదా? మనకెందుకు?

పద్ధతి మనకు కొత్తది కాదు. ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేసే కథ వ్యాసుడి భారతంలో లేదు. ఎవరో ఊహించారు, జనం నోళ్లలో, నాటకాల్లో పెరిగింది, చివరికి 1957లో మన వడపళనిలోనే మాయాబజార్ సినిమా అయింది. ఇంట్లో అందరికీ ఆ కథ భారతంలో భాగమే అన్నంత నమ్మకం.

ఇంకా దగ్గరి ఉదాహరణ చందమామ. 1947లో మద్రాసులో మొదలై, దశాబ్దాల పాటు వడపళని నుంచి వచ్చిన పత్రిక. అందులో బేతాళ కథలు చదవని తెలుగు ఇల్లు ఆ రోజుల్లో అరుదు. సంస్కృతంలో ఉన్న మూల కథలు ఇరవై అయిదే. అవి అయిపోయాయని పత్రిక ఆగలేదు. విక్రమార్కుడు, శవం, చెట్టు, చివరి చిక్కు ప్రశ్న అన్నీ అలాగే ఉంచి, లోపలి కథ మాత్రం కొత్తది వేస్తూ వందల కొద్దీ రాయించింది. మీ అబ్బాయి ఫోన్‌లో చేస్తున్నది అదే పని. పాత చట్రంలో తన కథ పెడుతున్నాడు.

సొంత పాత్రలు ఊహించుకోలేని వాళ్లు చేసే పని కాదా ఇది?

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే పిల్లల ముందే అంటారు.

కథ రాయడమంటే ఒక్క పని కాదు. లోకాన్ని కట్టాలి, మనుషులను పుట్టించాలి, వాళ్ల చేత మాట్లాడించాలి, ఎవరి కళ్లతో చూపించాలో తేల్చుకోవాలి, ఏది ముందు చెప్పాలో ఏది దాచాలో చూసుకోవాలి, ఎక్కడ ఆపాలో తెలియాలి. పద్నాలుగేళ్ల పిల్లను కూర్చోబెట్టి ఇవన్నీ ఒకేసారి చెయ్యమంటే మూడో పేరా దగ్గర చేతులెత్తేస్తుంది. ఫ్యాన్‌ఫిక్షన్‌లో మొదటి రెండు పనులు అప్పటికే అయిపోయి ఉంటాయి. మిగిలినవాటి మీద మనసు పెట్టొచ్చు.

డిసెంబరు కచేరీల్లో నెరవల్ వింటాం కదా. త్యాగరాజ కృతిలో ఒక్క పాదం తీసుకుని, మాటలు మార్చకుండా, గాయకుడు తన మనోధర్మం చూపిస్తాడు. సాహిత్యం ఆయనది కాదని సభలో ఎవరూ లేచి అడగరు. ఆ పాదం అందరికీ తెలిసిందే కాబట్టి, ఆయన ఎక్కడ కొత్తగా వెళ్లాడో వెంటనే తెలుస్తుంది.

ఫ్యాన్‌ఫిక్షన్‌లోనూ అంతే. పాత్ర పాఠకుడికి ముందే తెలుసు. అందుకే ‘అతను అలా మాట్లాడడు’ అని తోటి పిల్లలు టక్కున పట్టేస్తారు. సొంత పాత్రతో రాసినప్పుడు ఆ తప్పు ఎవరికీ కనపడదు, రాసినవాళ్లకు కూడా. పాత్ర గొంతు నిలబెట్టడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు.

నిజంగా రాత మెరుగుపడుతుందని ఎవరైనా చూశారా?

చూశారు. ఇంగ్లిష్ రెండో భాషగా నేర్చుకుంటున్న పిల్లలు ఫ్యాన్‌ఫిక్షన్ రాస్తూ ఎలా ఎదిగారో రెబెకా బ్లాక్ అనే అమెరికా పరిశోధకురాలు చాలాకాలం గమనించారు. చైనా నుంచి కెనడా వచ్చిన ఒక అమ్మాయి ఇంగ్లిష్‌లో యానిమే కథలు రాసేది. తన ఇంగ్లిష్ ఇంకా అంత బాగోదని కథ ముందే చెప్పుకునేది. పాఠకులు తప్పులు మెత్తగా చెబుతూ, తర్వాతి భాగం ఎప్పుడని అడిగేవారు. ధైర్యం వచ్చాక ఆ అమ్మాయి తన చైనీస్ మాటలు, జపనీస్ మాటలు కూడా కథల్లోకి తెచ్చింది. మన పిల్లలకు దీనికంటే దగ్గరి కథ ఏముంటుంది?

యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కు చెందిన సెసీలియా అరగన్, కేటీ డేవిస్ 2019లో దీని మీద ఒక పుస్తకమే తెచ్చారు. ఒక్క గురువు గంటసేపు చెప్పడం కాకుండా, చాలామంది తలా ఒక చిన్న మాట చెప్పడం వల్ల పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో అందులో వివరించారు. అందుకున్న వ్యాఖ్యలు పెరిగేకొద్దీ రాతలో మాటల వైవిధ్యం పెరగడం కూడా వాళ్లకు కనపడింది.

నేను చూసినంతలో అసలు రహస్యం తిరగరాయడం. స్కూలు వ్యాసం ఒకసారి రాస్తారు, మార్కులు పడతాయి, నోట్సు మూసేస్తారు. ఫ్యాన్‌ఫిక్షన్‌కు పాఠకులు ఎదురుచూస్తుంటారు. అందుకే ఎవరూ చెప్పకుండానే రాసింది మళ్లీ చదువుకుంటారు, కొట్టేస్తారు, మళ్లీ రాస్తారు. టీచర్లు ఎంత మొత్తుకున్నా రాని అలవాటు ఇక్కడ దానంతటదే వస్తుంది.

ఒక ఉదాహరణ చూపిస్తారా? ఏం మారుతుందో అర్థం కావట్లేదు.

మా దగ్గర రాసే పదో తరగతి అమ్మాయి ఒకరు భారతంలో ఉత్తరను తీసుకుంది. అభిమన్యుడు చనిపోయాడన్న కబురు వచ్చిన రాత్రి. మొదటిసారి ఇలా రాసింది:

‘ఉత్తర చాలా బాధపడింది. ఆమె గుండె ముక్కలైపోయింది. కన్నీళ్లు ఆగలేదు. ఇక తనకు జీవితమే లేదనుకుంది.’

తప్పేం లేదు. కానీ ఉత్తర పేరు తీసి ఇంకెవరి పేరు పెట్టినా సరిపోతుంది. నేను అడిగింది రెండే: ఆ గదిలో ఏముంది? ఉత్తరకు వయసెంత?

ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి విరాటపర్వం కథ మళ్లీ చదివింది. కౌరవులు ఆవులను తోలుకుపోయినప్పుడు అన్న ఉత్తరుడు యుద్ధానికి బయల్దేరతాడు, సారథిగా బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు. అప్పుడు ఉత్తర, నా బొమ్మలకు కట్టడానికి కౌరవుల మెత్తటి రంగుబట్టలు తెచ్చిపెట్టమని అడుగుతుంది. యుద్ధంలో అర్జునుడు భీష్ముడు తప్ప అందరినీ మూర్ఛపుచ్చి, వెళ్లి బట్టలు తెమ్మని ఉత్తరుణ్ని పంపుతాడు. ద్రోణుడివి, కృపుడివి తెల్లవి. కర్ణుడిది పసుపు. అశ్వత్థామవి, దుర్యోధనుడివి నీలం.

పద్మవ్యూహంలో అభిమన్యుణ్ని చుట్టుముట్టినవాళ్లలో ద్రోణుడు, కృపుడు, కర్ణుడు, అశ్వత్థామ ఉన్నారు. అంటే తన భర్తను చంపినవాళ్ల బట్టలే ఉత్తర బొమ్మల ఒంటి మీద ఉన్నాయి. ఈ సంగతి తనకు తట్టిన రోజు ఆ అమ్మాయి రాత్రి పదకొండు దాటాక నాకు మెసేజ్ పెట్టింది. వాళ్ల అమ్మ ఫోన్ నుంచి, అన్నీ ఆశ్చర్యార్థకాలే. మరుసటి వారం తెచ్చింది ఇది:

‘పెట్టె అడుగున పసుపు చీర బొమ్మ ఉంది. ఆ గుడ్డ ఎవరిదో అన్న అప్పట్లో నవ్వుతూ చెప్పాడు. అన్న కూడా మొదటి రోజే పోయాడు. ఉత్తర చీర ముడి విప్పబోయింది. పెళ్లికి ముందు తనే వేసిన ముడి. బిగుసుకుపోయింది, రావట్లేదు. పక్క గదిలోంచి సుభద్ర అత్తయ్య పిలుస్తోంది. వస్తున్నానత్తయ్యా అంది కానీ లేవలేదు.’

బాధ అన్న మాట ఎక్కడా లేదు. ఉత్తరుడు యుద్ధం మొదటి రోజే శల్యుడి చేతిలో చనిపోయాడన్నది కూడా తనే వెతికి పట్టుకుంది. పదిహేనేళ్ల పిల్ల భారతాన్ని అంత శ్రద్ధగా చదివింది పరీక్ష కోసం కాదు, తన కథకు ఒక గుడ్డ కావలసి వచ్చి.

మా పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాయడం రాదు. ఏ భాషలో రాయాలి?

చెన్నైలో నన్ను అందరికంటే ఎక్కువ వేధించే ప్రశ్న ఇది. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక బడిలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఇక్కడ బతుకుతున్నాం. కానీ తమిళం, ఇంగ్లిష్ అయ్యేసరికి చాలా ఇళ్లలో తెలుగు లిపికి చోటు లేకుండా పోయింది. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల సినిమా పోస్టరు మీద పేరు కూడబలుక్కుంటూ చదువుతుంది.

ముందు ఏ భాషలో చెయ్యి ఆడితే ఆ భాషలో రాయనివ్వండి. ఇంగ్లిషయినా, తమిళమయినా సరే. తెలుగు కావాలంటే సంభాషణల దగ్గర మొదలుపెట్టించండి. కథనం ఇంగ్లిష్‌లో ఉన్నా, మనుషుల మాటలు తెలుగులో రాయమంటాను. మాటలు వాళ్ల నోట్లో ఉన్నాయి కాబట్టి కష్టం కాదు. ఫోన్‌లో జీబోర్డ్ అనే కీబోర్డులో తెలుగు పెట్టుకుంటే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా తెలుగు లిపి వస్తుంది. ముందు చూసి గుర్తుపట్టడం, తర్వాత చదవడం వస్తుంది. చేత్తో రాయడం చివర వస్తుంది, రాకపోయినా కొంపలు మునగవు.

ఇందులో ఒక అందమైన చిక్కు ఉంది. ఇంగ్లిష్‌లో ‘యూ’ అని సరిపెట్టేయొచ్చు, తెలుగులో కుదరదు. యానిమేలో శిష్యుడు గురువుతో పోట్లాడుతుంటే మీరు అంటాడా, కోపంలో నువ్వు అనేస్తాడా? అనేస్తే ఆ గురువు ముఖం ఎలా మారుతుంది? వయసులో పెద్దవాడు కానీ ఓడిపోయిన శత్రువు, వాణ్ని ఏమని పిలవాలి? మా దగ్గర ఒక అబ్బాయి ఈ సందేహం తీర్చుకోవడానికి నెల్లూరులో ఉన్న అమ్మమ్మకు ఫోన్ చేశాడు. ఆ యానిమే కథ మొత్తం ఆవిడకు చెప్పాల్సి వచ్చింది. అంతా విని, ‘పెద్దాయన్ని పట్టుకుని నువ్వంటాడా, ఎంత పొగరు’ అందట. ఆ మాటే కథలో ఒక పాత్ర నోట పెట్టేశాడు.

ఇంట్లో మాట్లాడే తెలుగులో తమిళం కలిసిపోయిందని సిగ్గుపడేవాళ్లుంటారు. వద్దు. చెన్నైలో పెరిగిన పాత్ర అలాగే మాట్లాడుతుంది. అది దిద్దాల్సిన తప్పు కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? నాకు ఆలోచన వస్తుంది కానీ మొదటి లైన్ రాదు. (ప్లస్ వన్ విద్యార్థి)

పెద్ద నవల మొదలుపెట్టకు. యాభై భాగాలని ప్లాన్ వేసి మూడో భాగంలో వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను.

బేతాళ కథ రాయి. మొదలు, ముగింపు సిద్ధంగా ఉన్నాయి. లోపల నీ స్కూల్లోనో, నీ అపార్ట్‌మెంట్‌లోనో జరిగినట్టు ఒక కథ, చివర తేల్చలేని ఒక చిక్కు. ఆ చిక్కు ప్రశ్న ముందు రాసుకుని, దానికి తగ్గట్టు కథ కట్టుకో. అది కుదిరాక, నీకిష్టమైన కథలో ఎవరూ పట్టించుకోని మనిషిని ఎంచుకో. తలుపు తీసిన పనివాడు కావచ్చు, గుర్రాన్ని పట్టుకుని నిలబడ్డవాడు కావచ్చు. ప్రధాన సన్నివేశాన్ని అతని కళ్లతో ఒక్క పేజీలో రాయి. అతనికి తెలియని విషయం కథలో రాకూడదు. రాసేటప్పుడు తెలుస్తుంది ఇదెంత కష్టమో.

సరిగ్గా వంద మాటల్లో కథ రాసే పద్ధతి కూడా ఉంది, డ్రాబుల్ అంటారు. నూట నలభై రాసి నలభై కొట్టెయ్యడంలో ఉన్న చదువు అంతా ఇంతా కాదు.

కానన్, ఏయూ, ఓసీ, బీటా అంటూ మాట్లాడుకుంటారు. అవేమిటి?

కానన్ అంటే అసలు కథలో ఉన్నది. ఏయూ అంటే అవే పాత్రలను వేరే లోకంలో పెట్టడం, పాండవులు పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో ఉంటే ఎలా ఉంటుంది అన్నట్టు. ఓసీ అంటే రచయిత కొత్తగా చేర్చిన పాత్ర. బీటా అంటే పోస్టు చేసేముందు చదివి తప్పులు చెప్పే స్నేహితులు. ఈ చివరి పని మీ పిల్లలు ఎవరికైనా చేస్తుంటే సంతోషించండి. ఇంకొకరి రాత దిద్దినవాళ్లకు తమ రాతలో తప్పులు త్వరగా కనపడతాయి.

ఏ సైట్లు మంచివి? ఎన్నేళ్లకు అనుమతి?

అందరూ ఏఓత్రీ అని పిలిచే ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’, లాభాపేక్ష లేని సంస్థ నడిపే సైటు. 2009 నుంచి ఉంది, ప్రకటనలు ఉండవు, విరాళాల మీద నడుస్తుంది. సైన్స్ ఫిక్షన్‌లో పెద్దదైన హ్యూగో అవార్డు 2019లో దానికి వచ్చింది. కెనడాలో 2006లో మొదలైన వాట్‌ప్యాడ్ ఫోన్‌లో వాడటానికి తేలిక. రెండిట్లోనూ ఖాతాకు కనీసం 13 ఏళ్లుండాలి. తెలుగులో అయితే బెంగళూరులో 2014లో మొదలైన ప్రతిలిపి ఉంది.

నా సలహా మాత్రం మొదటి ఏడాది ఎక్కడా పెట్టొద్దని. నలుగురైదుగురు స్నేహితుల మధ్య ఒక గూగుల్ డాక్ చాలు. పాఠకులు కావాలి, కానీ లోకమంతా అక్కర్లేదు.

వాటిలో పెద్దల కథలు కూడా ఉంటాయంటున్నారు. నిజమేనా?

నిజమే. దాచడం వల్ల లాభం లేదు. ఏఓత్రీలో ప్రతి కథకూ రేటింగ్ ఉంటుంది: జనరల్, టీన్, మెచ్యూర్, ఎక్స్‌ప్లిసిట్. రేటింగ్ ఇవ్వకుండా వదిలేసినవీ ఉంటాయి. మెచ్యూర్, ఎక్స్‌ప్లిసిట్, రేటింగ్ లేనివి తెరిచేముందు ఒక హెచ్చరిక వస్తుంది, కానీ ముందుకు అని నొక్కితే తెరుచుకుంటుంది. చదివేవాళ్ల వయసు ఎవరూ పరీక్షించరు. వెతికేటప్పుడు జనరల్, టీన్ మాత్రమే చూపించేలా ఫిల్టర్ పెట్టుకోవచ్చు. పిల్లల పక్కన కూర్చుని ఒకసారి మీరే పెట్టి చూపించండి, ఎందుకో కూడా చెప్పండి. ఫోన్ లాక్కోవడం కంటే ఆ పది నిమిషాల మాట ఎక్కువ పని చేస్తుంది.

రాసే పిల్లలకు కూడా ఒక విషయం తెలియాలి. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లను అసభ్యంగా చూపించే రాత ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. సెక్షన్‌లో బొమ్మలతో పాటు రాత ప్రస్తావన కూడా ఉంది. అక్కడ మొహమాటం వద్దు, సూటిగా చెప్పండి.

ముక్కూముఖం తెలియనివాళ్లతో మాట్లాడతారేమోనని టెన్షన్.

ఆ టెన్షన్ న్యాయమైనదే. మారుపేరు, ముఖం లేని బొమ్మ, స్కూలు పేరు, ఏరియా పేరు ఎక్కడా రాయకపోవడం, ఇవి మొదటి రోజే పెట్టాల్సిన నియమాలు. కథలో స్కూలు వర్ణిస్తూ యూనిఫాం రంగు, బస్సు నంబరుతో సహా రాసేస్తుంటారు, అది కూడా చూసుకోవాలి. ఏఓత్రీలో ప్రైవేటు మెసేజ్‌లు లేవు, కామెంట్లు ఆమోదించాకే కనపడేలా పెట్టుకోవచ్చు.

‘నీ కథ చాలా బాగుంది, వేరే యాప్‌లో మాట్లాడుకుందాం’ అని ఎవరైనా అంటే అక్కడితో ఆపి ఇంట్లో చెప్పాలి. చెప్పినందుకు రాయడం మాన్పించరని పిల్లకు నమ్మకం ఉంటేనే చెబుతుంది. ఇబ్బంది వస్తే 1098 పిల్లల హెల్ప్‌లైన్ రాత్రింబవళ్లు పని చేస్తుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

కాపీరైట్ కేసులేమైనా పడతాయా?

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో ఫ్యాన్‌ఫిక్షన్ గురించి విడిగా ఏమీ లేదు. సొంత ఉపయోగం, విమర్శ, సమీక్ష లాంటివాటికి 52వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తుంది. నోట్సులో రాసుకోవడం, స్నేహితుల మధ్య చదువుకోవడం గురించి భయపడాల్సింది లేదు. ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టినవాటిని చాలామంది హక్కుదారులు చూసీచూడనట్టు వదిలేస్తారు, కానీ అది వాళ్ల దయ, మన హక్కు కాదు. డబ్బు తీసుకోకూడదు. తియ్యమంటే తీసెయ్యాలి. అసలు సినిమా డైలాగులు, నవల పేజీలు ఎత్తి అతికించకూడదు.

రచయిత చనిపోయాక 60 ఏళ్లకు పుస్తకం అందరిదీ అవుతుంది. గురజాడ 1915లో కన్నుమూశారు కాబట్టి మధురవాణి, గిరీశం ఎవరికైనా అందుబాటులో ఉన్నారు. కానన్ డాయిల్ పోయింది 1930లో, షెర్లాక్ హోమ్స్‌ను మైలాపూరులో దింపినా అడిగేవారు లేరు. పురాణాలు, తెనాలి రామలింగడి కథలు సరేసరి. పాత తెలుగు పుస్తకాలు కొన్ని వికీసోర్స్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. మధురవాణి మీద ఈ కాలం ఆడపిల్లలు రాస్తే చదవాలని నాకు ఎంతో ఆశ.

సినిమా హీరోల మీద, క్రికెటర్ల మీద రాయొచ్చా?

వాళ్లు వేసిన పాత్రల మీద రాయండి. వాళ్ల సొంత జీవితాల మీద వద్దు. కొన్ని సైట్లు అసలు ఒప్పుకోవు. ఒప్పుకునే చోట కూడా, నిజంగా బతికున్న మనిషి పెళ్లి గురించో, ఇంట్లో గొడవల గురించో ఊహించి రాయడం ఆ మనిషికి అన్యాయం. మా పిల్లలతో ఈ విషయంలో గట్టిగానే ఉంటాను.

టెన్త్, ప్లస్ టూ పరీక్షలు పెట్టుకుని కథలేమిటి? మార్కులు పెరుగుతాయా?

మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. పరీక్ష వ్యాసానికి వేరే క్రమం ఉంది, అది విడిగా నేర్చుకోవాల్సిందే. రాయడమంటే భయం పోతుంది, ఒక వాక్యం పక్కన ఇంకో వాక్యం ఎందుకు ఉండాలో తెలుస్తుంది. అది చాలని నా అభిప్రాయం. పరీక్షల నెలలో పూర్తిగా మాన్పించకండి, వారానికి ఒక పూట ఇవ్వండి. మాన్పిస్తే దుప్పటి కింద రాస్తారు.

చాట్‌జీపీటీతో రాయిస్తే తప్పేముంది? (తొమ్మిదో తరగతి విద్యార్థిని)

ఉత్తర గదిలో ఏముందో చాట్‌జీపీటీని అడిగితే దీపం, కన్నీళ్లు, నిశ్శబ్దం అంటూ రాసిపెట్టవచ్చు. పసుపు చీర బొమ్మ దొరికింది వెతికినవాళ్లకే. వాక్యం రాక పెన్ను కొరుక్కునే ఆ అరగంటలోనే నువ్వు నేర్చుకుంటావు, దాన్ని ఇంకెవరికో ఇచ్చేస్తే నీకేం మిగులుతుంది? స్పెల్లింగ్ చూసుకోవడానికి, ఒక విషయం ఎక్కడ వెతకాలో తెలుసుకోవడానికి వాడుకో. వాక్యం మాత్రం నీది కావాలి.

నా కథకు కామెంట్లే రావట్లేదు. వచ్చిన ఒక్కటీ తిట్టు.

తిట్టు తీసెయ్యి, జవాబు ఇవ్వకు. కామెంట్లు కావాలంటే ముందు నువ్వు ఇతరుల కథలకు రాయి. ‘సూపర్’ అని కాదు. ఏ వాక్యం దగ్గర ఆగావో, ఎందుకు ఆగావో రాయి. అలా రాసేవాళ్ల కథలు చదవాలని ఎవరికైనా అనిపిస్తుంది. లైకుల లెక్క మాత్రం పట్టించుకోకు. జనం ఎక్కువగా చూసే సినిమా మీద రాసిన కథకు ఎక్కువ వస్తాయి, అందుకు రాతతో సంబంధం లేదు.

మా అమ్మాయి రాసింది నాకు చూపించదు. తనకు తెలియకుండా చదవొచ్చా?

వద్దమ్మా. ఏ సైటులో ఉంది, ఎవరితో మాట్లాడుతోంది, ఇవి తెలుసుకోవడం మీ బాధ్యత, అడగండి. కథ మాత్రం తను ఇచ్చినప్పుడే చదవండి. కథలో పాత్ర అమ్మ మీద అరిస్తే అది మీ మీద అరిచినట్టు కాదు. అలా అనుకుని నిలదీసిన ఇళ్లలో పిల్లలు రాయడం మానేశారు, నేను చూశాను. చూపించమని కాకుండా, చదివి వినిపించమని అడిగి చూడండి. చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు. విన్నాక తప్పులు చెప్పకండి, తర్వాత ఏమవుతుందని అడగండి.

ఎప్పటికీ వేరేవాళ్ల పాత్రల మీదే రాస్తూ ఉండిపోతాడేమో?

ఉండిపోయినా నష్టం లేదు, అది కూడా ఒక మంచి అభిరుచే. కానీ ఎక్కువమంది విషయంలో మార్పు దానంతటదే వస్తుంది. ముందు ఒక ఓసీ వస్తుంది, ఆ పాత్ర కథను లాగేసుకుంటుంది, ఒకరోజు అసలు పాత్రలు అడ్డం అనిపిస్తాయి. ఏఓత్రీ నడిపే సంస్థను మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన నయోమీ నోవిక్ నవలా రచయిత్రి, ఫ్యాన్‌ఫిక్షన్ కూడా రాస్తారు. ఇంగ్లండ్‌లో బ్రాంటీ పిల్లలు 1826లో నాన్న తెచ్చిన చెక్క సైనికుల బొమ్మలకు ఆ కాలపు వీరుల పేర్లు పెట్టి, అగ్గిపెట్టెంత పుస్తకాల్లో కథలు అల్లారు. ఆ తర్వాతే పెద్ద నవలలు వచ్చాయి. తొందరపెట్టకండి.

చెన్నైలో పిల్లలకు తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

ఎగ్మూరులోని కన్నెమరా లైబ్రరీకి తీసుకెళ్లండి. 1896 నుంచి ఉంది. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం అందుకునే నాలుగు లైబ్రరీల్లో ఒకటి కాబట్టి తెలుగు పుస్తకాలూ ఉంటాయి. కూర్చుని రాసుకోవడానికి కొట్టూరుపురంలోని అన్నా శతాబ్ది గ్రంథాలయం బాగుంటుంది. పిల్లలకు విడిగా విభాగం ఉంది, సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే హాలు కూడా ఉంది. మొదటిసారి తీసుకెళ్లినప్పుడు భారతం వచనంలో ఉన్నది ఒకటి చేతికివ్వండి, విరాటపర్వం నుంచి మొదలుపెట్టమనండి. మారువేషాలు, దాగుడుమూతలు, వంటింట్లో భీముడు, అన్నీ అందులోనే ఉన్నాయి. పక్కన ఖాళీ నోట్సు కూడా ఒకటి పెట్టండి.